కర్మాగార షెడ్యూలింగ్‌లో రియల్‌టైమ్ డేటా

నిర్వచనం, పరిధి

కర్మాగారంలో ఏ పని ఏ యంత్రం మీద, ఏ వరసలో, ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియాలో నిర్ణయించడాన్ని ఉత్పత్తి షెడ్యూలింగ్ అంటారు. నెలకో మూడు నెలలకో ఎంత సరుకు తయారుచేయాలో తేల్చేది ఉత్పత్తి ప్రణాళిక. ఆ మొత్తాన్ని షిఫ్టులకు, యంత్రాలకు, మనుషులకు పంచేది షెడ్యూలు. షాప్‌ఫ్లోర్‌లో జరుగుతున్న సంగతి జరుగుతుండగానే నమోదై, తర్వాతి నిర్ణయానికి సకాలంలో అందితే దాన్ని రియల్‌టైమ్ డేటా అంటారు. సకాలం అంటే ఇన్ని సెకన్లని ఎక్కడా స్థిరమైన కొలత లేదు. రోబో చేతిని నడిపే కంట్రోలర్‌కు అది మిల్లీసెకన్లలో ఉంటుంది. ఉక్కు కర్మాగారంలో కరిగిన లోహాన్ని మోసే లేడిల్‌కు నిమిషాల్లో, మందుల ఫ్యాక్టరీలో నాణ్యత పరీక్ష ఫలితానికి గంటల్లో ఉంటుంది. నిర్ణయం తీసుకోవాల్సిన గడువు కంటే సమాచారం ముందు చేరాలన్నదే అసలు షరతు.

సమాచారం ఎంత త్వరగా వస్తే షెడ్యూలు అంత మెరుగవుతుందన్నది ఈ రంగంలో తరచు వినిపించే మాట. సాఫ్ట్‌వేర్ అమ్మేవారి ప్రచారంలో ఇది దాదాపు స్వతస్సిద్ధ సత్యంలా కనిపిస్తుంది. కాని షెడ్యూలింగ్ చరిత్ర, దాని గణితం, బాగా నమోదైన కొన్ని అమలు అనుభవాలు ఈ మాటను సగం మేరకే సమర్థిస్తాయి. పనుల వరసను మాటిమాటికీ తిరగరాయడం వల్ల వచ్చే లాభం కొద్ది. పని ఎక్కడ పేరుకుపోతోందో కనిపెట్టి కొత్త పనిని లోపలికి వదలడం ఆపగలిగినప్పుడు, ఒక్కో పనికి నిజంగా పట్టే సమయం ఎంతో తెలిసినప్పుడు వచ్చే లాభం చాలా ఎక్కువ. కింది విభాగాలు ఈ తేడాను చరిత్రలోనూ పనితీరులోనూ చూపుతాయి.

చరిత్ర: చార్టు నుంచి తెర దాకా (చూ. గాంట్ చార్టు, కాన్‌బాన్)

పంతొమ్మిదో శతాబ్దపు కర్మాగారంలో షెడ్యూలు ఫోర్‌మన్ బుర్రలో ఉండేది. ఆ బాధ్యతను అతని నుంచి తీసి ప్రత్యేక ప్రణాళికా విభాగానికి అప్పగించాలని ఫ్రెడరిక్ టేలర్ 1903లో వెలువరించిన ‘షాప్ మేనేజ్‌మెంట్’లో వాదించాడు. పోలండ్‌కు చెందిన కరోల్ ఆడమియెస్కీ 1896 నాటికే పనుల సమన్వయాన్ని చూపే హార్మోనోగ్రామ్ అనే పటాన్ని రూపొందించాడు. అమెరికాలో టేలర్ సహచరుడు హెన్రీ గాంట్ 1910ల్లో గీసిన చార్టులు మొదటి ప్రపంచ యుద్ధకాలపు ఆయుధ కర్మాగారాల్లో వాడుకలోకి వచ్చాయి. ఈనాడు గాంట్ చార్టు అంటే రాబోయే పనులను అడ్డగీతలతో చూపే పటమనే అనుకుంటాం. అసలు చార్టుల ముఖ్యోద్దేశం వేరు. అనుకున్న పనికీ జరిగిన పనికీ తేడాను రోజువారీగా చూపడానికే వాటిని గీసేవారు. వాలెస్ క్లార్క్ 1922లో ప్రచురించిన పుస్తకం చూస్తే, యంత్రం ఆగిన కాలానికి ఎదురుగా కారణాన్ని ఒక్క అక్షరంలో రాసే పద్ధతి కనిపిస్తుంది: మనిషి లేడు, సామగ్రి లేదు, మరమ్మతు, పనిముట్లు లేవు, కరెంటు లేదు. నేటి డాష్‌బోర్డుల్లో కనిపించే కారణాల కోడ్‌లకు పూర్వరూపం ఇదే. అప్పుడు ఆ సమాచారం ఒక రోజు ఆలస్యంగా చేరేది. అంతే తేడా.

కంప్యూటర్ యుగపు తొలి ఉదాహరణల్లో ఒకటి బ్రిటన్‌లోని జె. లయన్స్ అనే టీషాపుల కంపెనీది. ఆ సంస్థ సొంతంగా తయారుచేసుకున్న లియో కంప్యూటర్ 1951లో పని ప్రారంభించింది. 1954 నుంచి టీషాపుల రోజువారీ ఆర్డర్లను దాని మీద లెక్కకట్టారు. ప్రతి షాపుకూ మామూలు ఆర్డరు ముందే నమోదై ఉంటుంది. మేనేజరమ్మ ఫోన్‌లో ఆ రోజుకు కావలసిన మార్పులు మాత్రమే చెబుతుంది. అవతలి వైపు ఆపరేటర్ వింటూనే కార్డు పంచ్ చేస్తుంది. అంతా తిరిగి చెప్పనక్కర్లేదు, మామూలుకు భిన్నమైనది చెబితే చాలన్న ఈ సూత్రాన్ని తర్వాతి తరం వ్యవస్థలు చాలాకాలం మరిచాయి.

1960ల్లో జె.ఐ. కేస్ అనే ట్రాక్టర్ల కంపెనీలో పనిచేస్తూ జోసెఫ్ ఆర్లికీ అభివృద్ధి చేసిన ఎంఆర్‌పీ, అంటే సామగ్రి అవసరాల లెక్క, 1970ల్లో అమెరికా పరిశ్రమ అంతటా పాకింది. తయారీ తేదీ నుంచి వెనక్కి లెక్కిస్తూ ఏ విడిభాగం ఎప్పుడు మొదలుపెట్టాలో అది చెబుతుంది. ఇందుకు ప్రతి విడిభాగానికీ ఒక స్థిరమైన లీడ్‌టైమ్ కావాలి. చిక్కంతా అక్కడే వచ్చింది. లీడ్‌టైమ్‌లో అధికభాగం పని జరిగే సమయం కాదు, క్యూలో వేచి ఉండే సమయం. షాపులో ఇప్పటికే ఎంత పని పడి ఉందన్నదాన్ని బట్టి అది మారిపోతుంది. ఆలస్యాలు ఎదురైన సంస్థలు లీడ్‌టైమ్‌ను పెంచి రాసుకున్నాయి. దాంతో పనులు ఇంకా ముందే లోపలికి వచ్చాయి, క్యూలు ఇంకా పెరిగాయి, లీడ్‌టైమ్‌ను మళ్లీ పెంచాల్సి వచ్చింది. షాప్‌ఫ్లోర్ అసలు స్థితి ఆ లెక్కలోకి రాకపోవడమే ఈ విషవలయానికి మూలం.

అంతకు ముందే జపాన్‌లో టొయోటా వేరే దారి పట్టింది. తైచీ ఓనో నాయకత్వంలో 1940ల చివర మొదలై 1950ల్లో మెషీన్‌షాపులో స్థిరపడిన కాన్‌బాన్ పద్ధతిలో, ముందరి విభాగం వాడుకున్నంత మేరకే వెనకటి విభాగం తయారుచేస్తుంది; ఆ సంకేతం ఒక అట్టముక్క మీద వెళుతుంది. లైన్‌లో తేడా వస్తే కార్మికుడు తాడు లాగుతాడు, పైన ఆండాన్ దీపం వెలుగుతుంది. కంప్యూటర్ లేకపోయినా ఇది నిఖార్సయిన రియల్‌టైమ్ సమాచారమే. కాకపోతే అది పై కార్యాలయానికి వెళ్లి రాదు. నిర్ణయం జరిగే చోటే పుట్టి అక్కడే ఖర్చవుతుంది. చెలామణిలో ఉన్న కార్డుల సంఖ్యే షాపులో ఉండగల సగం తయారైన సరుకుకు గరిష్ఠ పరిమితి. ఈ చివరి గుణం పైకి కనిపించదు గాని, పద్ధతి ఫలించడానికి అదే కీలకం.

సమాచారం యంత్రం నుంచే నేరుగా రావడానికి పునాది వేసింది పీఎల్‌సీ, అంటే ప్రోగ్రామ్‌తో యంత్రాన్ని నడిపే కంట్రోలర్. జనరల్ మోటార్స్ ట్రాన్స్‌మిషన్ విభాగం 1968లో అడిగిన అవసరానికి జవాబుగా డిక్ మోర్లీ బృందం రూపొందించిన మోడికాన్ 084 రిలే ప్యానెళ్ల స్థానంలోకి వచ్చింది. 1980ల చివరకు అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో బర్లింగ్టన్ దగ్గరున్న ఐబీఎం చిప్‌ల కర్మాగారం ఎల్ఎంఎస్ అనే వ్యవస్థను నడిపింది. ప్రతి లాట్ (కలిసి కదిలే సరుకు బ్యాచ్) కదలికనూ జరిగిన వెంటనే అందుకుని, తర్వాత ఏది చేపట్టాలో ఆపరేటర్‌కు అది సూచించేది. 2011లో జర్మనీలోని హానోవర్ ప్రదర్శనలో ‘ఇండస్ట్రీ 4.0’ అనే పేరు ప్రచారంలోకి వచ్చేనాటికి ఈ భావన కొత్తదేమీ కాదు. సెన్సర్లు, నెట్‌వర్క్ చవకయ్యాయి; అంతవరకు చిప్‌ల కర్మాగారాలే భరించగలిగిన ఖర్చు మిగతా పరిశ్రమలకూ అందుబాటులోకి వచ్చింది.

సమాచార సేకరణ: సంకేతం, సంఘటన, స్థితి (చూ. పీఎల్‌సీ, ఎంఈఎస్)

ఐఎస్ఏ-95 ప్రమాణం కర్మాగార వ్యవస్థలను అంతస్తులుగా చూస్తుంది. అట్టడుగున, అంటే సున్నా అంతస్తులో భౌతిక ప్రక్రియ, ఆ పైన సెన్సర్లు, వాటిపైన పీఎల్‌సీ వంటి నియంత్రణ, మూడో అంతస్తులో ఉత్పత్తిని నడిపించే ఎంఈఎస్, నాలుగో అంతస్తులో ఆర్డర్లు, కొనుగోళ్లు, ఖాతాలు చూసే ఈఆర్‌పీ. నాలుగో అంతస్తు నెలలు, వారాలు, రోజుల్లో ఆలోచిస్తుంది. మూడోది షిఫ్టులు, గంటలు, నిమిషాల్లో. షెడ్యూలింగ్ ఈ రెంటి సరిహద్దులో ఉంటుంది. చాలా సంస్థల్లో రెండింటినీ కలిపేది ఎవరో ఒక ఉద్యోగి రోజూ పొద్దున్నే సరిచేసే ఎక్సెల్ షీటే. యంత్రాల నుంచి డేటా తేవడానికి ఓపీసీ యూఏ, మెషీన్ టూల్స్ కోసం ఎంటీకనెక్ట్, చిప్‌ల పరిశ్రమలో సెక్స్-జెమ్ వంటి ప్రమాణాలున్నాయి. 1999లో చమురు పైప్‌లైన్ల పర్యవేక్షణ కోసం పుట్టిన ఎంక్యూటీటీ ఇప్పుడు ఫ్యాక్టరీల్లోనూ విరివిగా వాడుకలో ఉంది. సరుకును గుర్తుపట్టడానికి బార్‌కోడ్, ఆర్ఎఫ్ఐడీ ట్యాగ్ పనికొస్తాయి.

సంకేతం వచ్చినంత మాత్రాన షెడ్యూలుకు పనికిరాదు. స్పిండిల్ తిరుగుతోందంటే లోహం కోస్తోందని కాదు. పొద్దున యంత్రాన్ని వేడెక్కించడానికి ఊరికే తిప్పుతుండవచ్చు. వందో ముక్క లెక్కకు వచ్చిందంటే వందా నాణ్యంగా ఉన్నాయని కాదు. సంకేతాల్ని కూర్చి ఒక సంఘటనగా, సంఘటనల్ని కూర్చి ఒక స్థితిగా మలచాలి: ఫలానా ఆర్డరు ఫలానా ఆపరేషన్‌లో ఉంది, అరవై ముక్కలు అయ్యాయి, మూడు తిరస్కరణకు గురయ్యాయి, యంత్రం సెట్టింగ్‌లో ఉంది. వేర్వేరు యంత్రాల గడియారాలు రెండు మూడు నిమిషాలు తేడాగా నడిస్తే చాలు, పని ముగిసిన తర్వాత మొదలైనట్టు డేటాబేస్‌లో కనిపిస్తుంది. ఇలాంటి శుద్ధికే ఏ ప్రాజెక్టులోనైనా ఎక్కువ శ్రమ పడుతుంది.

ఇలా శుభ్రపడిన డేటా నుంచి రెండు రకాల జ్ఞానం వస్తుంది. ఒకటి ప్రస్తుత స్థితి: ఏది ఎక్కడుంది. రెండోది కొలత: ఏ పనికి నిజంగా ఎంతసేపు పడుతోంది, అది ఎంతగా హెచ్చుతగ్గులవుతోంది. తెర మీద మెరిసేది మొదటిది కాబట్టి అందరి కన్నూ దాని మీదే ఉంటుంది. షెడ్యూలు నాణ్యతను ఎక్కువగా నిర్ణయించేది మాత్రం రెండోదే. ఈఆర్‌పీలో ఉండే ప్రామాణిక సమయాలు చాలాచోట్ల ఉత్పత్తి మొదలైన కొత్తలో రాసినవి. ఆ తర్వాత పనిముట్లు మారాయి, మనుషులు మారారు, బ్యాచ్ పరిమాణం మారింది. ఆ పాత అంకెలతో గీసిన షెడ్యూలు మొదటి షిఫ్టు ముగిసేలోపే వాస్తవానికి దూరమవుతుంది. దాన్ని గంటకోసారి సరిదిద్దినా, తప్పు అంకెలతోనే మళ్లీ గీస్తాం కాబట్టి మళ్లీ తప్పుతుంది.

రకాలు (చూ. డిస్పాచింగ్ నియమాలు)

అసలు ముందస్తు షెడ్యూలే లేకుండా, యంత్రం ఖాళీ అయినప్పుడల్లా క్యూలోంచి ఒకదాన్ని ఎంచుకునే పద్ధతి డిస్పాచింగ్. తక్కువ సమయం పట్టేది ముందు, గడువు దగ్గరున్నది ముందు వంటి నియమాలు దీనికి ఆధారం. గడువు నియమాన్ని జె.ఆర్. జాక్సన్ 1955లో, పని ప్రాధాన్యాన్నీ పట్టే సమయాన్నీ కలిపి చూసే వరసను డబ్ల్యూ.ఇ. స్మిత్ 1956లో ఒక్క యంత్రం ఉన్న సందర్భానికి గణితపరంగా నిరూపించారు. ముందుగా ఒక షెడ్యూలు గీసి, అవాంతరం వస్తే సవరించే పద్ధతి రెండోది. వియెరా, హెర్మన్, లిన్ 2003లో చేసిన వర్గీకరణ ప్రకారం ఆ సవరణ నిర్ణీత వ్యవధికోసారి జరగవచ్చు, ఏదైనా సంఘటన జరిగినప్పుడు జరగవచ్చు, లేదా రెండూ కలిసి ఉండవచ్చు. మూడో రకం కొంత ఆలస్యాన్ని తట్టుకునేలా ముందే ఖాళీలు వదిలి గీసే దృఢమైన షెడ్యూలు. ఆచరణలో చాలా కర్మాగారాలు ఈ మూడింటినీ కలిపి వాడతాయి: రేపటిది గీసి ఉంచుతారు, ఇవాళ్టిది సూపర్‌వైజర్ డిస్పాచ్ చేస్తాడు, ముఖ్యమైన ఆర్డర్లకు ముందువెనకల కాస్త జాగా వదులుతారు.

ప్రయోజనం ఎక్కడ పుడుతుంది (చూ. లిటిల్ సూత్రం, క్యూ సిద్ధాంతం)

సంపూర్ణ సమాచారం ఉంటే ఉత్తమ షెడ్యూలు దానంతటదే వచ్చేస్తుందా అన్నది మొదట తేల్చుకోవాల్సిన ప్రశ్న. 1954లో ఎస్.ఎం. జాన్సన్ రెండు యంత్రాల వరసకు తేలికైన, కచ్చితమైన నియమం కనుక్కున్నాడు. యంత్రాలు మూడయ్యేసరికి సమస్య మౌలికంగా కఠినమవుతుందని గేరీ, మరో జాన్సన్, రవి సేఠీ 1976లో చూపారు. 1963లో మ్యూత్, థామ్సన్‌ల పుస్తకంలో వచ్చిన ఒక లెక్కలో పది యంత్రాల మీద పది పనులు మాత్రమే ఉన్నాయి. యంత్రాలు చెడిపోవు, ఎవరూ సెలవు పెట్టరు, ప్రతి సమయమూ ముందే కచ్చితంగా తెలుసు. అయినా ఒక్కో యంత్రం మీద పనుల వరసలను విడివిడిగా తీసుకుంటే మొత్తం కలయికలు దాదాపు 4 పక్కన 65 సున్నాలు. దాని ఉత్తమ పరిష్కారం 930 కాలప్రమాణాలని కార్లియే, పాంసాన్ నిరూపించేసరికి 1989 వచ్చింది. అంటే సమాచారలోపం ఏమాత్రం లేని చిన్న సమస్యకే ఇరవై ఆరేళ్లు పట్టింది. నేటి అల్గారిథమ్‌లు ఇలాంటివాటిని క్షణాల్లో చేస్తాయి, నిజమే. కాని అసలు షాపులో ఉండేది వందల పనులు, పైగా అంచనాగా తెలిసిన సమయాలు. అక్కడ ‘ఉత్తమ వరస’ కోసం వెతకడం కంటే ‘చెడ్డది కాని వరస’తో సరిపెట్టుకోవడమే సబబు.

మరి ఆలస్యానికి ప్రధాన కారణం వరస కాకపోతే ఏమిటి? దీనికి జవాబు 1961లో వెలువడిన రెండు ఫలితాల్లో ఉంది. జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ప్రకారం షాపులో సగటున ఉండే పనుల సంఖ్య, రోజుకు పూర్తయ్యే పనులను సగటు నివాస కాలంతో గుణిస్తే వస్తుంది. రోజుకు ఇరవై లాట్లు బయటికి పోతూ షాపులో ఆరువందలు ఉంటే ఒక్కోటి సగటున ముప్పై రోజులు లోపలే ఉంటుంది. ఆ రెండు అంకెలు మారనంతవరకు వరసను ఎలా మార్చినా ఈ సగటు కదలదు. ఒకటి ముందుకు జరిగితే ఇంకొకటి వెనక్కి పోతుంది. రెండోది జాన్ కింగ్‌మన్ ఇచ్చిన అంచనా. ఒక యంత్రం ముందు వేచి ఉండే కాలం రెండింటి మీద ఆధారపడుతుంది: యంత్రం ఎంత శాతం బిజీగా ఉంది, రాకలోనూ పని సమయంలోనూ ఎంత హెచ్చుతగ్గులున్నాయి. బిజీగా ఉండే వాటా 80 శాతమైతే నిరీక్షణ పని సమయానికి 4 రెట్లు, 90 అయితే 9 రెట్లు, 95 అయితే 19 రెట్లు. ఇవి మధ్యస్థమైన హెచ్చుతగ్గులకు వచ్చే అంకెలు. హెచ్చుతగ్గుల కొలత సగమైతే నిరీక్షణ కూడా సగమవుతుంది. గంట పట్టే పని 95 శాతం బిజీగా ఉన్న యంత్రం ముందు సగటున పందొమ్మిది గంటలు పడి ఉంటుందంటే ఫోర్‌మన్‌కు ఆశ్చర్యం ఉండదు. ఆ యంత్రానికి ‘ఇంకో ఐదు శాతం ఖాళీ ఉంది కదా’ అని పని పంపే ప్లానర్‌కు ఉండాలి.

ఈ రెంటినీ కలిపి చూస్తే రియల్‌టైమ్ డేటా ఎక్కడ పనికొస్తుందో స్పష్టమవుతుంది. షాపులో ఉన్న పని ఎంతో, అందులో బాటిల్‌నెక్ యంత్రం వైపు నడుస్తున్నది ఎంతో తెలిస్తే, కొత్త పని ఎప్పుడు వదలాలో నిర్ణయించవచ్చు. చిప్‌ల తయారీ మీద 1988లో లారెన్స్ వైన్ చేసిన సిమ్యులేషన్ అధ్యయనం ఈ విషయాన్నే తేల్చింది: పనిని లోపలికి వదిలే విధానాన్ని నియంత్రించడం, లోపలున్న లాట్ల వరసను మార్చడం కంటే ఎక్కువ ప్రభావం చూపింది. బాటిల్‌నెక్ వేగమే తాళంగా మిగతావాటిని నడపాలన్న ఎలియాహు గోల్డ్‌రాట్ పద్ధతి, షాపులో మొత్తం పనిని స్థిరంగా ఉంచాలని స్పియర్‌మన్, వుడ్రఫ్, హాప్ 1990లో ప్రతిపాదించిన కాన్‌విప్ పద్ధతి ఇదే కోవకు చెందినవి. పొలాలకు నీరు వదిలే తూముల్లాంటిది విడుదల నిర్ణయం; దిగువన కాలవ నిండిందో లేదో కనిపించకపోతే తూము తెరవడం ఊహాగానమే.

ఒక పరిశీలన: సామ్‌సంగ్ స్లిమ్ (చూ. అర్ధవాహకాల తయారీ)

ఈ వాదనకు అత్యంత బలమైన ఆధారాల్లో ఒకటి దక్షిణ కొరియా నుంచి వచ్చింది. చిప్‌ల తయారీలో ఒక సిలికాన్ వేఫర్ వందల దశలు దాటాలి. ప్రతి పొరకూ మళ్లీ మళ్లీ అదే ఫొటోలితోగ్రఫీ యంత్రాల దగ్గరికి రావాలి. అందువల్ల మొదటి పొరలో ఉన్న లాట్, చివరి పొరలో ఉన్న లాట్ ఒకే క్యూలో నిలబడతాయి. 1990ల మధ్యలో సామ్‌సంగ్ డీర్యామ్ (మెమరీ) చిప్‌లకు ఈ ప్రయాణం ఎనభై రోజులు దాటేది. డీర్యామ్ ధర వేగంగా పడిపోతూ ఉంటుంది కాబట్టి, లోపల ఆగిన ప్రతి వారానికీ డబ్బు రూపంలో నష్టం ఉంది. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు రాబర్ట్ లీచ్‌మన్, సహచరులతో కలిసి రూపొందించిన స్లిమ్ అనే పద్ధతులను 1996-1999 మధ్య ఆ సంస్థ తన చిప్‌ల కర్మాగారాలన్నిటా అమలుచేసింది. సైకిల్‌టైమ్ ముప్పై రోజుల లోపుకు వచ్చింది. దీనివల్ల అదనంగా వంద కోట్ల డాలర్ల అమ్మకాలు సాధ్యమయ్యాయని, ప్రపంచ డీర్యామ్ మార్కెట్‌లో సంస్థ వాటా 18 నుంచి 22 శాతానికి పెరిగిందని 2002లో వారు ప్రచురించిన పత్రం పేర్కొంది. రచయితలు అమలులో పాల్గొన్నవారే కాబట్టి డబ్బు లెక్కను కొంత జాగ్రత్తగా తీసుకోవాలి. సైకిల్‌టైమ్ మాత్రం సూటిగా కొలవగలిగే విషయం.

ఈ తగ్గుదల ఎలా వచ్చిందన్నది ఫలితం కంటే ఆసక్తికరం. ఆ కర్మాగారాల్లో లాట్ల కదలికలు అప్పటికే కంప్యూటర్‌లో నమోదవుతున్నాయి. కొరవడింది వాటిని చూసే తీరు. స్లిమ్ ప్రతి దశకూ ఒక లక్ష్య సమయాన్ని కేటాయించింది. అందులో వేచి ఉండటానికిచ్చే వెసులుబాటును అన్ని దశలకూ సమానంగా పంచకుండా, బాటిల్‌నెక్ అయిన ఫొటో యంత్రాల ముందు ఎక్కువ ఉంచింది, అవి ఎన్నడూ ఖాళీగా నిలవకూడదని. ఒకే రకం చిప్‌ల లాట్లన్నీ పరస్పరం మార్చుకోదగినవే గనుక, ‘ఈ లాట్ గడువేమిటి’ అని కాక ‘ఈ దశలో ఈ రకం సరుకు అవసరానికి ఎంత ముందుంది, ఎంత వెనకబడింది’ అని లెక్కించింది. రియల్‌టైమ్ డేటా ఆ లోటును చూపే కొలతగా పనిచేసింది. లిటిల్ సూత్రం ప్రకారం, ఉత్పత్తి అదే స్థాయిలో ఉందనుకుంటే ఎనభై నుంచి ముప్పై రోజులకు రావడమంటే లోపలి సరుకు ఎనిమిదింట మూడు వంతులకు తగ్గడమే. డేటా వేగం పెరిగినందుకు కాదు, డేటాకు సరైన ప్రశ్న వేసినందుకు వచ్చిన ఫలితమిది.

పరిశ్రమను బట్టి తేడాలు (చూ. నిరంతర పోత, బ్యాచ్ ఉత్పత్తి)

ఉక్కు తయారీలో వేగానికి నిజంగానే విలువ ఉంది. విశాఖ ఉక్కు కర్మాగారంలో మాదిరి కన్వర్టర్ నుంచి వచ్చిన ద్రవ ఉక్కును నిరంతర పోత యంత్రానికి పంపే చోట, ముందరి లేడిల్ ఖాళీ కాకముందే తర్వాతిది వచ్చి నిలవాలి. ఆలస్యమైతే పోత వరస తెగిపోతుంది. మరీ ముందే వస్తే లోహం చల్లారి మళ్లీ వేడిచేయాల్సి వస్తుంది. ఇక్కడ క్యూ పెరగడానికి భౌతికశాస్త్రమే ఒప్పుకోదు. కాబట్టి లేడిల్ ఎక్కడుంది, ఉష్ణోగ్రత ఎంత, క్రేన్ ఖాళీగా ఉందా అన్న సమాచారం నిమిషాల్లో అందాలి, షెడ్యూలు కూడా నిమిషాల్లో మారాలి.

హైదరాబాద్ పరిసరాల్లోనూ, విశాఖ దగ్గర పరవాడలోనూ విస్తరించిన బల్క్ డ్రగ్ పరిశ్రమ దీనికి దాదాపు వ్యతిరేక ధ్రువం. రియాక్టర్‌లో జరిగేదంతా కంట్రోల్ రూమ్‌లో కనిపిస్తూనే ఉంటుంది. అయినా బ్యాచ్ కదలదు, ఎందుకంటే మధ్యంతర నమూనా క్వాలిటీ ల్యాబ్‌లో ఉంది. లేదా ముందరి ఉత్పత్తి అవశేషాలు పోయాయని తేలే దాకా పరికరాన్ని వాడకూడదు. అసలు బాటిల్‌నెక్ డ్రయర్ కావచ్చు, ల్యాబ్‌లోని హెచ్‌పీఎల్‌సీ పరీక్ష యంత్రం కావచ్చు. రియాక్టర్ ఉష్ణోగ్రతను క్షణక్షణం నమోదుచేస్తూ, ల్యాబ్ క్యూను మాత్రం రిజిస్టర్‌లో రాసుకునే సంస్థకు డేటా ఉంది గాని కావలసిన చోట లేదు. పైగా ఎలక్ట్రానిక్ రికార్డుల మీద అమెరికా ఎఫ్‌డీఏ 1997లో తెచ్చిన 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 నిబంధనల వల్ల ప్రతి నమోదు, ప్రతి సవరణ ఎవరు ఎప్పుడు చేశారో చెరగకుండా ఉండాలి. అమెరికాకు ఎగుమతి చేసే యూనిట్లలో కొత్త డేటా వ్యవస్థ పెట్టడం నెమ్మదిగా సాగడానికి ఇదొక కారణం.

ఆక్షేపణలు, పరిమితులు

తరచు మార్చడమే హాని చేస్తుందన్నది మొదటి ఆక్షేపణ. ఎంఆర్‌పీ వ్యవస్థల్లో పై స్థాయిలో చిన్న మార్పు కింది విడిభాగాల షెడ్యూలును అతలాకుతలం చేయడాన్ని డి.సి. స్టీల్ 1975లోనే ‘నెర్వస్’ వ్యవస్థ అని పేర్కొన్నాడు. ఫిక్స్‌చర్ బిగించిన తర్వాత పని మారిస్తే సెట్టింగ్ సమయం వృథా. స్టోర్స్ నుంచి తెచ్చిన సామగ్రి వెనక్కి పంపాలి. తెర మీది షెడ్యూలును నమ్మడం మానేసిన సూపర్‌వైజర్ సొంత జాబితా జేబులో పెట్టుకుంటాడు. ఈ ఆక్షేపణ సబబైనదే. దీనికి విరుగుడుగా దగ్గరి గంటలను లేదా రోజులను గడ్డకట్టిన కాలంగా ప్రకటించి, ఆ లోపల మార్పులు ఒప్పుకోరు. అలా చేస్తే డేటా ఎందుకన్న ఎదురు ప్రశ్న వస్తుంది. షెడ్యూలును మార్చడానికి ఒక్కదానికే డేటా ఉందనుకుంటేనే ఆ ప్రశ్నకు బలం. మార్చనక్కర్లేదని తెలియడం కూడా సమాచారమే: యంత్రం నలభై నిమిషాలు ఆగింది, కాని దాని తర్వాతి బాటిల్‌నెక్ ముందు మూడు గంటల పని ఉంది, కాబట్టి ఏమీ చేయవద్దు. ఆ మూడు గంటల అంకె తెలియని చోట ప్రతి బ్రేక్‌డౌనూ అత్యవసరమే అవుతుంది.

షెడ్యూలరుకు తెలిసింది డేటాబేస్‌కు తెలియదన్నది ఇంకా లోతైన ఆక్షేపణ. కెనడాలో కెన్నెత్ మెకే, సహచరులు 1988 నుంచి షెడ్యూలర్ల పనిని దగ్గరుండి గమనించి, వారు వాడే సమాచారంలో గణనీయ భాగం ఏ వ్యవస్థలోనూ నమోదు కాదని చూపారు. మరమ్మతు చేసిన యంత్రం మీద మొదటి పనిగా ముఖ్యమైన ఆర్డరు పెట్టకపోవడం ఇలాంటి అలవాటే. యంత్రం నడుస్తోందని సెన్సర్ చెబుతుంది. అది ఇంకా నమ్మదగినది కాదని మనిషికి తెలుసు. దీనికి కొందరు మెషీన్ లెర్నింగ్ సమాధానమంటారు. మరమ్మతు తర్వాత తిరస్కరణలు పెరగడం వంటి అలవాటు పాత డేటాలో ఉంటే మోడల్ దాన్ని పట్టుకోగలదు. కాని సరఫరాదారు ట్రక్కు దారిలో ఆగిందన్న ఫోన్ కబురు పాత డేటాలో ఉండదు. వ్యవస్థ వరసను సూచించి, మనిషి దాన్ని తిరగరాసే అధికారం ఉంచి, ఆ తిరగరాతలను నమోదుచేయడం ప్రస్తుతానికి మధ్యేమార్గం. ఏ నియమం ఎక్కువసార్లు తిరగరాతకు గురవుతోందో చూస్తే, లెక్కలో ఏది లోపించిందో బయటపడుతుంది.

కార్మికుల మీద నిఘా అన్న ఆక్షేపణను కేవలం నైతిక విషయంగా పక్కన పెట్టలేం. అది డేటా నాణ్యతను సూటిగా తాకుతుంది. యంత్రం ఆగిన ప్రతిసారీ కారణం నొక్కమన్నప్పుడు, ఆ లెక్క తన జీతానికో మందలింపుకో దారితీస్తుందని భావించిన ఆపరేటర్ తనకు హాని చేయని కోడ్‌నే నొక్కుతాడు, లేదా జాబితాలో మొదటిదాన్ని. గాంట్ చార్టుల్లో యంత్రం ఆగిన కారణాలు ఎక్కువగా యాజమాన్యం వైపే వేలు చూపేవి: సామగ్రి ఇవ్వలేదు, పనిముట్లు ఇవ్వలేదు. ఆ దృష్టి ఉన్న చోటే కోడ్‌లు నిజం చెబుతాయి. కొలతను ఒత్తిడి సాధనంగా మార్చే పొరపాటు ఓఈఈ అనే కొలమానం వాడకంలోనూ కనిపిస్తుంది. సేయిచీ నకాజిమా ప్రాచుర్యంలోకి తెచ్చిన ఈ కొలత లభ్యత, వేగం, నాణ్యతల లబ్ధం. 90, 95, 99 శాతాలు గుణిస్తే దాదాపు 85 వస్తుంది. బాటిల్‌నెక్ దగ్గర ఇది పనికొచ్చే అంకె. ప్రతి యంత్రానికీ దీన్ని పెంచమంటే అవసరం లేని సరుకు తయారై, పైన చెప్పిన క్యూలే పెరుగుతాయి.

నెట్‌వర్క్ పెరిగే కొద్దీ దాడికి దారులూ పెరుగుతాయి. 2018 ఆగస్టులో తైవాన్ చిప్‌ల సంస్థ టీఎస్ఎంసీ యంత్రాలకు వైరస్ సోకి ఉత్పత్తి ఆగింది. 2019 మార్చిలో రాన్సమ్‌వేర్ బారిన పడ్డ నార్వే అల్యూమినియం సంస్థ నార్స్క్ హైడ్రో కొన్ని కర్మాగారాలను చేతితో నడుపుకోవాల్సి వచ్చింది. కాగితం మీద పని నడపగల నేర్పు ఉన్న సిబ్బంది ఇంకా మిగిలి ఉండాలన్నది దీని ఆచరణాత్మక అర్థం.

చిన్న యూనిట్లలో అమలు (చూ. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమలు)

భారతదేశంలో భారీ పరిశ్రమల మంత్రిత్వశాఖ సమర్థ్ ఉద్యోగ్ భారత్ 4.0 పేరిట బెంగళూరు, పుణె, ఢిల్లీల్లో ప్రదర్శన, శిక్షణ కేంద్రాలకు తోడ్పడింది. జాబ్‌వర్క్ చేసే చిన్న మెషీన్‌షాపుల పరిస్థితి వేరు. కంట్రోలర్ లేని పాత లేత్‌లు, మిల్లింగ్ మెషీన్ల నుంచి ఓపీసీ యూఏ సంకేతం రాదు. మోటారు కరెంటు తీగకు తగిలించే చిన్న సీటీ క్లాంప్‌తో యంత్రం కోస్తోందా, ఊరికే తిరుగుతోందా, ఆగిందా అన్నది తెలుసుకోవచ్చు. ఎందుకు ఆగిందో దానికి తెలియదు. అది మనిషే చెప్పాలి. ఇలాంటి షాపుకు ఖరీదైన ఆప్టిమైజేషన్ సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. రెండు మూడు నెలల క్లాంప్ డేటా నుంచి, ఒక్కో రకం పనికి సెట్టింగ్‌తో కలిపి పట్టే సమయం, దాని హెచ్చుతగ్గులు లెక్కకట్టవచ్చు. అత్యధికంగా బిజీగా ఉండే యంత్రం ఏదో తేల్చి, దాని ముందు ఎన్ని గంటల పని ఉందో రోజూ బోర్డు మీద రాయవచ్చు. ‘అర్జెంటు’ అంటూ కస్టమర్ ఫోన్ చేసినప్పుడు, ఆ పనిని మధ్యలో దూరిస్తే ఏ ఏ ఆర్డర్లు ఎన్నేసి గంటలు వెనక్కి జరుగుతాయో యజమాని అప్పటికప్పుడు చూడగలడు. ఒప్పుకోవాలా, రేటు పెంచి ఒప్పుకోవాలా, మూడు రోజుల తర్వాతి తేదీ చెప్పాలా అన్నది ఆ అంకెల మీదే తేలుతుంది.